మలుపులో ఎత్తిన చెయ్యి

నడక మాస్టారంటే ఆ బళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఆయన చెప్పే పాఠం భూగోళమే గానీ, పేరు తెచ్చిపెట్టింది మాత్రం నడక. ఏటా సెలవులు రాగానే భుజాన సంచీ తగిలించుకుని బస్సెక్కేవారు. బస్సు ఎక్కడ ఆగిపోతే అక్కడ దిగి, కాలిబాటన ఊరి నుంచి ఊరికి నడిచి, దారిలో దొరికిన చవక బసల్లో ఒకదానిమీద ఒకటి కట్టిన మంచాల మీద పడుకుని, మళ్ళీ బస్సులోనే ఇల్లు చేరేవారు. అంతవరకూ ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. వచ్చాక ఆ కబుర్లు మళ్ళీ సెలవులొచ్చేదాకా స్టాఫ్ రూములో చెప్పేవారు, ఇబ్బందల్లా అక్కడే.

"బాట మొదటికి చేర్చడానికి బస్సు, బాట చివర్నుంచి ఇంటికి చేర్చడానికి బస్సు. మధ్యలో కాళ్ళు. మధ్యలో బస్సెక్కేవాడు నడవడానికి రాకూడదు, ఇంట్లో కూర్చుని కిటికీలోంచి చూసుకోవాలి," అనేవారు. ఈ మాట టీ చేతిలో ఉన్నప్పుడు అనేవారు, చాక్‌పీస్ చేతిలో ఉన్నప్పుడూ అనేవారు.

పోయినేడు వీధి చివరి మందుల షాపాయన భార్యతో సహా ఆయన వెంట వెళ్ళాడు. పాపం, రెండో రోజున కడుపునొప్పి వచ్చి, ఒక ఊరి నుంచి పక్క ఊరికి బస్సులో వెళ్ళాడు. అంతే, ఆ రోజు నుంచి ఆయన పేరు 'టికెట్టు' అయింది. షాపులో నలుగురు నిలబడి ఉన్నా సరే, మాస్టారు గుమ్మంలోంచే, "ఏం టికెట్టు గారూ, తలనొప్పి మాత్రలున్నాయా?" అని కేకేసేవారు. ఆయన నవ్వేవాడు. నవ్వినన్నాళ్ళు నవ్వి, తర్వాత ఊరికే పళ్ళు చూపించేవాడు. వీధిలో పిల్లలు కూడా ఆ పేరు పట్టుకున్నాక అదీ మానేశాడు. అయినా ఈ ఏడు మళ్ళీ బయల్దేరాడు. ఈసారి బాటంతా నడిచి ఆ పేరు వదిలించుకోవాలన్నది ఆయన పంతం.

ఈ ఏడు కొత్తగా వచ్చింది మాస్టారి అక్క. ఆవిడ బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డులో పనిచేస్తుంది. మిషను ముందు కూర్చుంటే ఎదురుగా గోడ, తలెత్తితే ట్యూబులైటు. ఇన్నేళ్ళూ తమ్ముడి కబుర్లు వింటూ, "నాకెందుకురా ఆ నడకలు, పాదం పెడల్ మీద ఎంత నడుస్తోందో చాల్లే," అని కొట్టిపారేసిన మనిషి, ఈసారి బాట చివర సముద్రం ఉందనగానే సెలవు పెట్టేసింది.

"సముద్రం చూడాలంటే బస్సులున్న చోటికే వెళ్ళొచ్చుగా అక్కా. ఈ సముద్రం దాకా బస్సు కూడా లేదు," అన్నారు మాస్టారు.

"బస్సులో వెళ్తే సముద్రం ఒక్కసారిగా వచ్చి మీద పడుతుంది. నడిచి వెళ్తే కొంచెం కొంచెంగా వస్తుంది కదా. అలా రావడం చూడాలనుందిరా," అంది అక్క.

ప్రయాణం కోసం తమ్ముడికి ఒక టోపీ కూడా కుట్టింది. ఆటల యూనిఫారాల్లో మిగిలిన ముక్కలతో కుట్టిందేమో, అది కళ్ళు జిగేల్మనే నారింజ రంగులో ఉంది. "ఇదేం రంగే, నన్ను చూసి బస్సులు ఆగిపోతాయి," అని మాస్టారు గోల పెడితే, "పొగమంచులో తప్పిపోతే కనబడాలిగా, పెట్టుకో," అంది.

బయల్దేరే ముందు మాస్టారు అందరికీ జాగ్రత్తలు చెప్పారు. కొత్త బూట్లతో బాట ఎక్కొద్దన్నది వాటిలో మొదటిది. తీరా రేపు ప్రయాణమనగా ఆయన పాత బూటు అడుగు ఊడి నోరు తెరిచింది. మాస్టారు చీకటి పడ్డాక బజారుకెళ్ళి కొత్తవి కొని, పెరట్లో మట్టి పూసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పూసి, పాతవాటిలా తయారుచేసుకున్నారు. అవి పైకి పాతబడ్డాయి గానీ లోపల కొత్తవిగానే ఉండిపోయాయి.

మొదటి రోజు బస్సులో ఇంకొక పాఠం కూడా అయింది. ఆ కొండ రోడ్డు మీద బస్సుకి స్టాపులంటూ లేవు. చెయ్యి నిటారుగా ఎత్తి పట్టుకుంటే ఆపుతారు. అటూ ఇటూ ఊపితే పలకరింపు అనుకుని, ఒక హారన్ కొట్టి వెళ్ళిపోతారు. బాట చాలాచోట్ల రోడ్డు పక్కనే సాగుతుంది కాబట్టి నడిచేవాళ్ళు ఊపుతూనే ఉంటారు, డ్రైవర్లు కొడుతూనే ఉంటారు. మాస్టారు బస్సులో నిలబడి రెండు రకాలూ చేసి చూపించారు. అక్క బుద్ధిగా చెయ్యెత్తి చూపించి, "ఇలాగేనా మాస్టారూ?" అంది. బస్సంతా నవ్వింది.

మూడో రోజుకి మాస్టారి కుడి మడమ పచ్చిపుండయింది. మేజోడు చర్మానికి అతుక్కుపోయి అడుగడుక్కీ ప్రాణం లాగేస్తోంది. వెనక మందుల షాపాయన ఈల వేసుకుంటూ నడుస్తున్నాడు. ఆయన సంచీలో దూది ఉంది, మందు ఉంది, అతుకు పట్టీ ఉంది. అడిగితే క్షణంలో ఇచ్చేవాడు. అడగడానికి మాస్టారికి నోరు రాలేదు. బూటు విప్పితే అది కొత్తదని తెలుస్తుంది, కొత్తదని తెలిస్తే మిగతాదంతా తెలుస్తుంది.

బాట రెండుగా చీలే చోటికి రాగానే మాస్టారు ఆగారు. "మీరు లోయ బాటన నిదానంగా రండి. నేను గుట్ట మీదుగా అడ్డంపడి వెళ్ళి, బసలో కింది మంచాలు పట్టిపెడతాను. అక్కడ ముందొచ్చినవాళ్ళదే రాజ్యం," అన్నారు.

"ఆ గుట్ట ఎక్కుతావా? ఒక్కడివే ఎందుకురా, అందరం కలిసే వెళ్దాం," అంది అక్క.

"నాకిది లెక్కా?" అని టోపీ సర్దుకుని, వాళ్ళు చూస్తున్నంతసేపూ కుంటకుండా ఎక్కారు. మలుపు తిరగ్గానే ఒక బండమీద కూలబడ్డారు. పైనుంచి చూస్తే కింద రోడ్డు కనబడింది, రోడ్డు మీద బస్సు వస్తూ కనబడింది. ఆ తర్వాత ఆయన ఆలోచించలేదు. గబగబా కిందికి దిగి, చెయ్యి నిటారుగా ఎత్తారు.

బస్సులో పెద్దగా జనం లేరు. ఉల్లిపాయల బస్తా పక్కన ఒకావిడ నిద్రపోతోంది. ఆ రోడ్డు మీద కండక్టరు ఉండడు, డ్రైవరే టికెట్టు కొట్టి ఇస్తాడు. మాస్టారు ఆ టికెట్టు అందుకుని జేబు అడుక్కి తోసేసి, కిటికీ పక్కన కూర్చుని, బూటు లేసు వదులు చేసుకున్నారు. అబ్బ, ఎంత హాయి! వాన మొదలైంది. కిటికీ మీద నీళ్ళు జారుతుంటే, ఇక్కడెవరు చూడొచ్చారు, ఊరి మొదట్లో దిగిపోతే సరి, అనుకున్నారు.

బాట వచ్చి రోడ్డుకి కలిసే మలుపులో ఒక మనిషి నిలబడి ఉంది. చెయ్యి ఎత్తి ఉంది. అక్క అని ఆయనకి దూరం నుంచే తెలిసింది.

"ఎవరో చెయ్యెత్తారు సార్," అన్నాడు డ్రైవరు బస్సు నెమ్మది చేస్తూ. "ఆపమంటున్నారా, ఊరికే ఊపుతున్నారా? ఈ వానలో నాకు సరిగ్గా ఆనట్లేదు. మీ వైపేగా, కాస్త చూసి చెప్పండి."

చూడక్కర్లేదు. ఆ చెయ్యి అటు గానీ ఇటు గానీ కదలడం లేదు. తను నేర్పినట్టే, బస్సులో చేసి చూపినట్టే, నిటారుగా ఉంది. అలిసిపోయి ఉంటుంది, అనుకున్నారు మాస్టారు. ఆపితే ఎక్కుతుంది, ఎక్కితే చూస్తుంది. ఆమె వెనకాలే టికెట్టు గారు ఎక్కుతాడు. రేపు షాపులో నలుగురి ముందు, స్టాఫ్ రూములో అందరి ముందు, ఇంకేముంది! ఆయన గబుక్కున సీట్లోకి కుంగిపోయి, తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని, లేసు కట్టుకుంటున్నట్టు నటిస్తూ, "ఊరికే ఊపుతున్నారు. నడిచేవాళ్ళే. పోనీండి," అన్నారు.

డ్రైవరు పోనిచ్చాడు. పోతూ పోతూ మర్యాదగా రెండుసార్లు హారన్ కొట్టాడు.

మాస్టారు ఊరి మొదట్లో దిగి, టోపీ జేబులో కుక్కుకుని, వెనక సందులోంచి బసకి వెళ్ళారు. గుమ్మం ముందు గుంటలో కాళ్ళు ముంచి బూట్లకి దండిగా బురద పట్టించారు. బస నడిపే ఆవిడ తలుపు తీసి, "గుట్ట మీదుగా వచ్చారా? ఈ వానలోనా?" అని ముక్కున వేలేసుకుంది. "అలవాటే," అన్నారు మాస్టారు. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో చూసుకుని ఆయనకే సిగ్గేసింది. వంటింటి గోడ వెచ్చదనం తగిలే చోట, కిటికీ పక్కన, ఉన్నవాటిలో మంచి మంచం మీద అక్క పేరున దుప్పటి పరిచి, కాస్త తేలికపడ్డారు.

వెలుతురు పోయే వేళకి వాళ్ళు వచ్చారు. నడిచి వచ్చారనడానికి లేదు. అక్క ఒక చెయ్యి మందుల షాపాయన భుజం మీద, ఇంకో చెయ్యి ఆయన భార్య భుజం మీద వేసి, ఒంటికాలి మీద గెంతుతూ వచ్చింది. రెండో చీలమండ గుమ్మడికాయంత వాచిపోయి ఉంది. మొహం తెల్లగా పాలిపోయింది.

"ఏమైంది?" అన్నారు మాస్టారు.

"రాయి జారి పాదం మడతపడింది మాస్టారూ," అంది మందుల షాపాయన భార్య, సంచీ నేలకేసి కొడుతూ. "దైవంలా బస్సు వచ్చింది. మేమింకా ఏటవాలు దిగుతున్నాం, ముందు నడుస్తున్న ఆవిడ కుంటుకుంటూనే వెళ్ళి రోడ్డు పక్కన చెయ్యెత్తి నిలబడింది. ఆ డ్రైవరు నెమ్మది చేశాడు, చూశాడు, వెళ్ళిపోయాడు! పైగా హారన్ కొట్టి మరీ వెళ్ళాడు! ఎంత వెటకారం! అదే ఆఖరి బస్సు. అక్కణ్ణుంచి ఇక్కడిదాకా ఈ మనిషి ఎలా వచ్చిందో చూస్తే తెలిసేది మీకు."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. అక్క మాత్రం ఆయన వైపు చూడకుండా, "మంచం ఏదిరా? చాలా బాగా పట్టిపెట్టావు," అంది.

మందుల షాపాయన చల్లనీళ్ళ గుడ్డ చుట్టి, కట్టు కట్టి, మోకాలి కింద దిండు పెట్టాడు. "ఎముక విరగలేదు. కానీ రేపు అడుగు వెయ్యకూడదు. సముద్రం సంగతి మర్చిపోవాల్సిందే," అన్నాడు. అక్క కిటికీ వైపు తిరిగింది. "మిషన్లో పెడల్ తొక్కడానికి పనికొస్తుందా ఈ కాలు? అదొక్కటి చెప్పండి," అంది.

మంచాలున్న గదిలోనే వేసిన భోజనాల బల్ల మీద బసావిడ ఒక కంచం ఎక్కువ పెట్టింది. ఎవరికని అడిగితే, "బస్సు డ్రైవరుకి. ఆఖరి బస్సు ఇక్కడే ఆగుతుంది, పొద్దున మొదటి బస్సు ఇక్కణ్ణుంచే వెళ్తుంది. రోజూ ఇక్కడే తిని ఇక్కడే పడుకుంటాడు," అంది.

మాస్టారికి నోట్లో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. లేచి వెళ్ళిపోదామంటే ఎక్కడికి? బయట వాన. తలుపు తెరుచుకుంది. డ్రైవరు తువ్వాలుతో జుట్టు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. బల్ల చుట్టూ ఉన్న మొహాలన్నీ చూశాడు. మాస్టారి మొహం దగ్గర అతని చూపు ఆగింది. తర్వాత మంచం మీద దిండుపై పెట్టిన కాలు, దాని కట్టు చూశాడు. అతనికి ఎవరూ ఏమీ చెప్పకముందే సంగతి బోధపడిపోయింది.

మందుల షాపాయన భార్య ఊరుకునే రకం కాదు. "ఏమండీ, చెయ్యెత్తిన మనిషిని చూసి కూడా వెళ్ళిపోవడమేనా? మనిషన్నవాడు చేసే పనేనా అది?" అని మొదలుపెట్టింది.

"సరిగ్గా కనబడలేదమ్మా. కిటికీ పక్కనున్నాయన్ని అడిగాను. ఊరికే ఊపుతున్నారన్నారు," అన్నాడు డ్రైవరు.

"ఎవరా మహానుభావుడు?"

డ్రైవరు మాస్టారి కంచం వైపు ఒక్కసారి చూసి, తన రొట్టె తుంచుకున్నాడు. "ఎవరో ప్రయాణికుడమ్మా. ఎంతోమంది ఎక్కుతారు, దిగుతారు."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. మాస్టారు నోరు తెరిచారు కూడా. సరిగ్గా అప్పుడే మందుల షాపాయన, "మాస్టారూ, మీరు మాకు పెద్ద. దెబ్బ తగిలింది మీ అక్కగారికి. మీరు ఒక్క మాటైనా అడగరేం?" అన్నాడు. అందరూ ఆయన వైపు తిరిగారు.

మాస్టారు అడిగారు. ఇది చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది గానీ, అడిగారు. "మీరు... బండి ఆపి చూసి ఉండాల్సింది," అన్నారు. మొదటి మాట నీళ్ళు నమిలినట్టు వచ్చింది గానీ, తర్వాత ఇన్నేళ్ళ బడి గొంతు దానంతటదే లేచింది. "ఎవరో ఏదో అంటే నమ్మేసి వెళ్ళిపోతారా? మీ చేతిలో ఉన్నది మనుషుల ప్రాణాలండీ. ఆ మాత్రం బాధ్యత ఉండక్కర్లేదా?"

డ్రైవరు నమలడం ఆపి ఆయన్ని చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. "తప్పే సార్. ఎవరో చెప్పిన మాట నమ్మాను," అన్నాడు.

"ఇక చాలు, ఆయన్ని తిననివ్వండి," అంది అక్క మంచం మీద నుంచి. "తప్పు నాదే. చెయ్యి ఎత్తినట్టే ఎత్తి దించేశాను. అందుకే పలకరింపు అనుకుని ఉంటారు."

"దించేశావా? అంత నొప్పి పెట్టుకుని దించడమెందుకు?" అంది మందుల షాపాయన భార్య.

"చెయ్యి నొప్పి పుట్టింది."

"నొప్పి కాలికి కదమ్మా!"

అక్క సూపు తాగింది. మాస్టారికి చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది. బళ్ళో వేసే వయసొచ్చినా ఆయన పక్క తడిపేవారు. పొద్దున్నే అమ్మ వచ్చేలోగా అక్క లేచి, చెంబులో నీళ్ళు ఆ పక్కమీద ఒంపేసి, "తాగబోతుంటే ఒలికిపోయాయమ్మా," అనేది. వీపు మీద నాలుగు తిని వచ్చి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు ఆయన తడిసిన లాగు ఆరేసి పెట్టేది. ఇప్పుడూ ఆ డ్రైవర్ని కాపాడ్డానికి అలాగే చెబుతోంది, మా అక్కది ఎంత పెద్ద మనసు, అనుకున్నారు మాస్టారు. అనుకుని ఇంకా కుంచించుకుపోయారు.

ఆ రాత్రి ఆయన ఎలా పడుకున్నారన్నది చెప్పుకోనక్కర్లేదు. పొద్దున లేచేసరికి వాన వెలిసింది. మందుల షాపాయన, భార్య సముద్రం వైపు నడవడానికి సిద్ధమయ్యారు. అక్క మొదటి బస్సులో ఇంటికి వెళ్ళాలి. "నేనూ నీతో వస్తాను," అన్నారు మాస్టారు. "నువ్వెందుకురా? వెళ్ళి చూసిరా, వచ్చి చెబుదువుగాని. చెప్పడం నీకు బాగా వచ్చుగా," అంది అక్క. ఆవిడ మామూలుగానే అందో, ఇంకోలా అందో ఆయన తేల్చుకోలేకపోయారు.

డ్రైవరు బస్సుని ఊరి చివర్నుంచి వెనక్కి నడిపి, సరిగ్గా బస గుమ్మం ముందుకి తెచ్చి ఆపాడు. వంటింట్లోంచి ఒక పీట తెచ్చి మెట్టు కింద వేశాడు. అదంతా చూసి కూడా మందుల షాపాయన భార్య మనసు కరగలేదు. బస గోడకి అంటించి ఉన్న డిపో నంబరు చూసి ఫోన్ నొక్కుతోంది. "ఇవాళ మనకి, రేపు ఇంకెవరికో. వదిలిపెడితే ఎలా?"

బసావిడ మాస్టారి పక్కకొచ్చి గొంతు తగ్గించింది. "మీరైనా ఆపండి సార్. పోయిన వానల్లో కూడా ఎవరో ఇతని మీద డిపోకి ఫిర్యాదు చేశారు. ఇంకొకటి పడిందంటే ఈ రోడ్డు నుంచి తీసేస్తారు. ఇతని ఇల్లు పై ఊళ్ళోనే. దారిలో బండి ఆపి పిల్లల్ని చూసుకుని వస్తుంటాడు."

డ్రైవరుకి అన్నీ వినబడుతూనే ఉన్నాయి. అతను పీట కదులుతోందేమోనని ఒకటికి రెండుసార్లు తొక్కి చూస్తున్నాడు. ఫోన్లో అవతల ఎవరో ఎత్తినట్టున్నారు. "హలో, డిపోనేనా అండీ?" అంది మందుల షాపాయన భార్య.

"ఫోన్ పెట్టెయ్యమ్మా," అన్నారు మాస్టారు. "నిన్న ఆ కిటికీ పక్కన కూర్చున్నది నేనే."

ఎవరికీ అర్థం కాలేదు. "మీరు గుట్ట మీద కదా ఉన్నారు?" అంది ఆవిడ.

"కొంచెం దూరమే ఎక్కాను. మడమ పుండైంది. కొత్త బూట్లు. దిగి బస్సెక్కాను. అక్క చెయ్యెత్తి నిలబడింది, చూశాను. ఆపమనే అని తెలుసు. ఊరికే ఊపుతున్నారని చెప్పి తల దాచుకున్నాను. ఈయన తప్పేమీ లేదు. రాత్రి ఈయన్ని అన్న మాటలన్నీ..." ఫోన్లో ఎవరో "హలో, హలో," అంటూనే ఉన్నారు. ఆవిడ దాన్ని కట్టేసింది.

మాస్టారు మందుల షాపాయన వైపు చూశారు. ఇప్పుడంటాడు, టికెట్టు అంటాడు, అననీ. అంటే కాస్త ఊపిరాడేది. పడాల్సిన మాట పడి, దులుపుకుని పోవచ్చు. ఆయన అనలేదు. సంచీ దింపి, దూది, మందు, అతుకు పట్టీ బయటికి తీసి, "బూటు విప్పండి," అన్నాడు. విప్పాక ఆ మడమ చూసి, మొహం చిట్లించి, "నిన్నే చెప్పి ఉంటే నిన్నే కట్టేవాణ్ణి కదా మాస్టారూ," అన్నాడు. ఏడాదంతా నవ్వి నవ్వి అరిగిపోయిన ఆ మనిషి మోకాళ్ళ మీద కూర్చుని తన పాదం తుడుస్తుంటే, మాస్టారికి భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

డ్రైవరు దగ్గరికి వెళ్ళి, "క్షమించండి," అన్నారు.

"ఎక్కండి సార్. టైమైంది," అన్నాడతను. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు.

బస్సు బయల్దేరింది. అక్క రెండు సీట్ల మీద కాలు చాపుకుని కూర్చుంది. మాస్టారు పక్క వరసలో, కిటికీ దగ్గర, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. సంజాయిషీ ఎక్కడ మొదలుపెట్టాలా అని వెతుక్కుంటుంటే అక్కే అందుకుంది.

"ఎందుకు చెప్పావురా?"

"అదేంటక్కా? ఆయన ఉద్యోగం..."

"ఆయన సంగతి నేను చూసుకునేదాన్ని. ఆ ఫోన్ లాక్కుని, చెయ్యి దించింది నేనేనని మళ్ళీ చెప్పేదాన్ని. రాత్రి చెప్పాను కదా?"

"నువ్వలా ఎందుకు చెప్పావో నాకు తెలుసక్కా. అబద్ధమాడి..."

"అబద్ధమేంటి? నిజంగానే దించేశాను." అక్క ఆయన వైపు తిరిగింది. "బస్సు నెమ్మదిగా నా ముందుకొచ్చింది. కిటికీలో నేను కుట్టిన టోపీ కనబడింది. ఊళ్ళో ఇంకెవరికుందిరా ఆ రంగు? అమ్మయ్య, తమ్ముడున్నాడు, ఇక భయం లేదనుకున్నాను. అంతలో ఆ టోపీ కిందికి పోయింది. దాక్కుంటున్నావని తెలిసింది. వెనకాల వాళ్ళిద్దరూ దిగొస్తున్నారు. బస్సు ఆగితే నిన్ను చూస్తారు. అందుకని దించేశాను."

మాస్టారు జేబులోంచి ఆ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఆ కాలుతో అంత దూరం దేనికి నడిచాననుకున్నావు?" అక్క గొంతు ఇప్పుడు వణికింది. అది కోపమే. "మొదటే తల దించకుండా ఉంటే నా కాలు మిగిలేది. చివరిదాకా నోరు మూసుకుని ఉంటే నీ పరువు మిగిలేది. రెండూ పోగొట్టావు కదరా. సముద్రం కూడా పోయింది."

ఆయన తల దానంతటదే కిందికి వాలింది. కట్టు కట్టిన మడమ, లేసు వదిలేసిన కొత్త బూటు కనబడ్డాయి. ఇన్నేళ్ళొచ్చినా తను తడిపిన పక్క మీద అక్క నీళ్ళు ఒంపుతూనే ఉంది. ఒంపి, దెబ్బలు తింటూనే ఉంది. ఆ సంగతి పైకి చెబుదామనుకున్నారు గానీ, చెప్పే అర్హత కూడా తనకు మిగల్లేదనిపించింది.

బస్సు ఆ మలుపు దగ్గరికే వచ్చింది. రోడ్డు పక్కన ఎవరో ఇద్దరు, సంచీలు తగిలించుకున్నవాళ్ళు, చేతులెత్తారు.

డ్రైవరు అద్దంలోంచి చూశాడు. "సార్, మీ వైపు. ఆపమంటున్నారా, ఊరికే ఊపుతున్నారా?"

మాస్టారు తలెత్తారు. లేచి నిలబడ్డారు. కిటికీ అద్దం పక్కకి తోసి, నారింజ రంగు టోపీ తలకి పెట్టుకుని, తల బయటికి చాపి, వాళ్ళనే అడిగారు.

"ఎక్కుతారా అండీ?"

"లేదండీ, ఊరికే! మేం నడుస్తున్నాం!" అన్నారు వాళ్ళు నవ్వుతూ. అందులో ఒకాయన కిటికీలోంచి కనబడుతున్న మాస్టారి సంచీ చూసి, బస్సు పక్కన రెండడుగులు వేస్తూ అడిగాడు. "మీరూ నడవడానికేగా వచ్చారు?"

డ్రైవరు వింటున్నాడు. అక్క వింటోంది.

"వచ్చాను," అన్నారు మాస్టారు. "కానీ బస్సులో వెళ్తున్నాను."